బాబుకు టాన్సిల్స్ తీసి నాలుగు రోజులైంది, రక్తం పడకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

అంతర్వేది అమ్మ
ఆగస్టు 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్ళు, బరువు 18 కిలోలు. రెండేళ్ళుగా నెల తిరిగేసరికి గొంతు వాపు, జ్వరం. రాత్రిళ్ళు గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాడు. జూలై 29న భీమవరంలో టాన్సిల్స్ తీశారు. ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. చేతికిచ్చిన కాగితంలో మందుల పేర్లు, మళ్ళీ రావలసిన తేదీ తప్ప ఇంకేమీ లేవు.

ఇప్పుడు గొంతులో రెండు వైపులా తెల్లగా, పాల మీగడ అతికించినట్టు కనిపిస్తోంది. నోరు వాసన వస్తోంది. చెవి నొప్పి అని ఏడుస్తున్నాడు. నిన్నటి వరకు ఐస్‌క్రీం తిన్నవాడు ఈ రోజు మంచినీళ్ళు కూడా మింగనంటున్నాడు. చీము పట్టిందేమో, వేలికి దూది చుట్టి పసుపు అద్ది తుడిచేద్దామని మా అత్తగారు అంటున్నారు. వారం రోజులకు రక్తం పడుతుందట, జాగ్రత్త అని మా మరిది ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఆపరేషన్ అయిపోయిన ఇన్ని రోజులకు రక్తం ఎందుకు పడుతుంది? పడకుండా ఇంట్లో మేము చేయగలిగింది ఏమైనా ఉందా? మాది అంతర్వేది దారిలో ఒక ఊరు. గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. ఏరు దాటించే పంటు ఎప్పుడు ఆపేస్తారో తెలియదు.

యానాం అక్క
ఆగస్టు 2, రాత్రి 9:52

దూది పెట్టి తుడవకండమ్మా. మా పెద్దమ్మాయికి కూడా ఇలాగే తెల్లగా కనిపించింది, రెండు వారాలకు దానంతట అదే పోయింది. డాక్టరు గారు ఎవరైనా చూసి వివరంగా చెబుతారు, ఈ లోపల మాత్రం ముట్టుకోవద్దు.

కాకినాడ గొంతు వైద్యుడు
ఆగస్టు 2, రాత్రి 10:35

అమ్మా, మీరు చూస్తున్నది చీము కాదు. చర్మం మీద దెబ్బ తగిలితే పక్కు కట్టి నల్లగా, గట్టిగా ఉంటుంది. నోట్లో ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి అదే పక్కు తెల్లగా, మెత్తగా కనిపిస్తుంది. కింద కొత్త కండ పట్టేదాకా గాయాన్ని కప్పి ఉంచేది అదే. దాన్ని తుడిస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. మీ అత్తగారికి ఈ మాట నా పేరు మీద చెప్పండి, పెద్దవారు, మనవడి మీద ప్రేమతో అంటున్నారు. వాసన ఆ పక్కు వల్లే. టాన్సిల్ ఉన్న చోటికీ చెవి లోపలికీ స్పర్శ తెచ్చేది ఒకే నరం. అందుకే గొంతులో పుండు ఉంటే చెవి నొప్పి పుడుతుంది.

ఇక రక్తం సంగతి. ఇది రెండు సమయాల్లో వస్తుంది. ఒకటి మొదటి 24 గంటల్లో. మత్తు దిగాక రక్తపోటు మళ్ళీ మామూలుకు వస్తుంది, అప్పుడు కట్టిన ముడి జారవచ్చు, మూసిన నాళం తెరుచుకోవచ్చు. మీ బాబు ఆ గండం దాటాడు. రెండోది ఎక్కువగా అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య వస్తుంది. అవి పక్కు ఊడే రోజులు. టాన్సిల్‌కు ముఖధమని కొమ్మ నుంచి రక్తం అందుతుంది, ఆ గుంట పక్కనే ఒక సిర కూడా పోతుంది. పక్కు ముందుగానే ఊడినా, కింద కండ పూర్తిగా పట్టకపోయినా అక్కడి నుంచి రక్తం కారుతుంది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంగ్లండులో, ఉత్తర ఐర్లండులో 2003-04లో దాదాపు 34 వేల మంది రోగుల వివరాలు సేకరించి లెక్క తీశారు. రక్తస్రావం అయినవారు 3.5 శాతం. దాని కోసం మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకువెళ్ళవలసి వచ్చినవారు 0.9 శాతం. అంటే నూటికి తొంభై ఆరుగురికి ఏమీ కాదు. కానీ ఆ మిగిలిన ముగ్గురు నలుగురిలో ఎవరుంటారో ముందుగా చెప్పగల వైద్యుడు లేడు. అందుకే అందరూ సిద్ధంగా ఉండాలి.

నీళ్ళు బాగా తాగితే రక్తం రానే రాదని నేను హామీ ఇవ్వలేను. అయినా తాగించండి. ఎండిన గొంతులో పక్కు బిగుసుకుని పగులుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పికి పిల్లవాడు మింగడం మానేస్తాడు, దాంతో గొంతు ఇంకా ఎండుతుంది. మూడు, నాలుగు, అయిదు రోజుల్లో నొప్పి తగ్గవలసింది పోయి పెరగడం మామూలే. తల్లిదండ్రులు బెంబేలెత్తేదీ, మందులు ఆపేసేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

థియేటర్ సిస్టర్, రాజమహేంద్రవరం
ఆగస్టు 2, రాత్రి 11:10

డాక్టరు గారు చెప్పినదానికి నా ఇరవై ఏళ్ళ పని నుంచి కొంత కలుపుతాను.

అమ్మా, నొప్పి మందు ఏడ్చినప్పుడు కాదు, గడియారం చూసి వేయండి. పారాసెటమాల్ సాధారణంగా ఒక కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, ఆరు గంటలకు ఒకసారి రాస్తారు. మీ వైద్యుడు రాసిన మోతాదే వేయండి. అర్ధరాత్రి కూడా లేపి వేయాలి. రాత్రి పాపం నిద్రపోతున్నాడు కదా అని వదిలేస్తే తెల్లారేసరికి గొంతు మండిపోయి చుక్క కూడా మింగడు. మందు వేసిన అరగంటకు తిండి, నీళ్ళు పెట్టండి. ఆ సమయమే మీ చేతిలో ఉన్న సమయం.

18 కిలోల పిల్లవాడికి రోజు మొత్తం మీద దాదాపు 1,400 మిల్లీలీటర్ల ద్రవం పోవాలి. గ్లాసు నిండా పోసి ముందు పెడితే చూసే భయపడతాడు. ఉగ్గుగిన్నెతో పది నిమిషాలకు రెండు గుక్కలు పోయండి. కోనసీమలో ఉన్నారు, బొండాలకు కరువు లేదు. లేత కొబ్బరినీళ్ళు గొంతును మండించవు. చల్లటి పాలు, పలుచని సగ్గుబియ్యం జావ, చల్లారిన రాగిజావ, చారు లేకుండా మెత్తగా పిసికిన పెరుగన్నం, నానిన ఇడ్లీ పెట్టండి. నిమ్మ, నారింజ, మజ్జిగ పులుపు మండుతాయి. ఆవకాయ, జంతికలు, చేగోడీలు రెండు వారాలు ఇంట్లో కనబడకుండా దాచండి. పూతరేకు నోట్లో కరిగిపోతుంది కదా అనుకుంటారు, కానీ దాని పొర ఎండుగా గొంతుకు అతుక్కుంటుంది, అదీ వద్దు.

చేపల కూర మాట కూడా చెప్పాలి. మన వైపు ముద్దలో చేప లేని ఇల్లు అరుదు. చిన్న ముల్లు ఒక్కటి పక్కు మీద గుచ్చుకున్నా చాలు. పిల్లవాడికి ఈ రెండు వారాలూ చేప పెట్టకండి.

మూత్రం ఎన్నిసార్లు పోస్తున్నాడో లెక్క పెట్టండి. ఎనిమిది గంటలైనా పోయకపోతే, పోసినది ముదురు పసుపుగా ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళి సెలైన్ పెట్టించాలి.

ముమ్మిడివరం మాస్టారు
ఆగస్టు 3, ఉదయం 6:20

మా చిన్నప్పుడు గొంతు పుండుకు వేడి వేడి ఉప్పునీళ్ళు గట్టిగా పుక్కిలించమనేవారు. వానాకాలంలో ఐస్‌క్రీం పెడితే జలుబు చేసి దగ్గు వస్తుంది, ఆ దగ్గుకే గొంతు చిట్లుతుందని నా అనుమానం. తప్పయితే చెప్పండి, తెలుసుకుంటాను.

కాకినాడ గొంతు వైద్యుడు
ఆగస్టు 3, ఉదయం 7:05

మాస్టారూ, మామూలు గొంతు నొప్పికి మీరు చెప్పింది మంచి వైద్యమే. ఇది కోసిన పుండు. గొంతులో నీళ్ళు గరగరలాడిస్తే ఆ కుదుపుకు పక్కు కదులుతుంది, వేడికి రక్తనాళాలు ఉబ్బుతాయి. కావాలంటే గోరువెచ్చని నీళ్ళు నోట్లో పోసుకుని మెల్లగా తిప్పి ఉమ్మేయవచ్చు. జలుబు చల్లదనం వల్ల రాదు, వైరస్ వల్ల వస్తుంది. మీరు దగ్గు గురించి అన్నది మాత్రం నిజమే. జలుబు ఉన్నవాళ్ళను పిల్లవాడి దగ్గరకు రానివ్వకూడదు. పరుగులు, గెంతులు, బరువులెత్తడం, ఎండలో ఆటలు రెండు వారాలు వద్దు. బడికి కూడా పంపవద్దు.

మందుల కొట్టు, రావులపాలెం
ఆగస్టు 3, ఉదయం 9:30

నా కౌంటర్ దగ్గర రోజూ చూసే మూడు పొరపాట్లు చెబుతాను.

పారాసెటమాల్ సిరప్ అంతా ఒకటే అనుకుంటారు. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. సీసా మారితే చెంచా లెక్క కూడా మారాలి. సీసా మీద అంకె చదివి, రాసిచ్చిన కాగితంతో సరిచూసుకోండి.

ఆస్పిరిన్ ఉన్న ఏ మందూ వద్దు. అది రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాల పనిని వారం పైగా చెడగొడుతుంది. పిల్లలకు అసలే ఇవ్వకూడదు. నొప్పికి, జ్వరానికి వాడే నిమెసులైడ్ మన దేశంలో 12 ఏళ్ళ లోపు పిల్లలకు 2011 నుంచే నిషేధం. అయినా పాత చీటీ పట్టుకుని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్ చేయించి వస్తారు, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. దయచేసి ఆపరేషన్ చేసిన వైద్యుణ్ణి అడగకుండా ఏ సూదీ వేయించవద్దు.

మూడోది కోడీన్ ఉన్న దగ్గు మందు. కొందరు పిల్లల శరీరం కోడీన్‌ను మరీ వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, ఊపిరి మందగిస్తుంది. టాన్సిల్స్ తీసిన పిల్లలకు అది ఇవ్వకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లోనే తీవ్ర హెచ్చరిక ఇచ్చింది. 2017లో ట్రమడాల్ అనే నొప్పి మందును కూడా, 18 ఏళ్ళ లోపు వారికి ఈ ఆపరేషన్ తరువాత వాడకూడదంది. గురక పెట్టే పిల్లలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

తణుకు 28
ఆగస్టు 3, ఉదయం 10:15

నా వయసు 28. సెప్టెంబరులో నాకు ఇదే ఆపరేషన్. పెద్దవాళ్ళకు కూడా ఇవే జాగ్రత్తలా? ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చా?

కాకినాడ గొంతు వైద్యుడు
ఆగస్టు 3, మధ్యాహ్నం 1:40

జాగ్రత్తలు ఇవే, అయితే పెద్దవాళ్ళలో రక్తస్రావం పిల్లల కంటే ఎక్కువ. నొప్పీ ఎక్కువే. పొగ, గుట్కా, మద్యం ఉంటే ఇప్పుడే మానేయండి. గుండె కోసమో మరొకందుకో ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడుతుంటే వైద్యుడికి చెప్పండి, సొంతంగా ఆపకండి. వెల్లుల్లి గుళికలు, చేపనూనె గుళికలు వాడుతున్నా చెప్పాలి. ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచుతుందా అని మా వృత్తిలో వాదన చాలా కాలంగా ఉంది. అమెరికా గొంతు వైద్యుల సంఘం పిల్లల కోసం ఇచ్చిన 2019 మార్గదర్శకాలు నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, లేదా రెండూ వాడమనే చెబుతున్నాయి. మీ సర్జన్ వద్దంటే ఆయన మాట వినండి.

పాలకొల్లు నాన్న
ఆగస్టు 3, రాత్రి 8:50

రెండేళ్ళ కిందట మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు జరిగింది చెబుతాను. ఎవరికైనా పనికొస్తుంది.

ఆపరేషన్ అయిన ఏడో రోజు ఉదయం పళ్ళు తోముకుంటూ రెండు చెంచాలంత రక్తం ఉమ్మింది. ఎర్రగా, తాజాగా. మేము వణికిపోయాం. అయిదు నిమిషాల్లో ఆగిపోయింది. ఆసుపత్రికి ఫోను చేస్తే ఎత్తినవారు, ఆగిపోయింది కదండీ, రేపు రండి అన్నారు. సరేనని నేను పొలానికి వెళ్ళిపోయాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళ మంచం మీద కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి గడ్డలు గడ్డలుగా రక్తం కక్కింది. వాళ్ళమ్మ కొంగు పట్టింది, కొంగు నిండిపోయింది. కారులో వెళుతున్నంత సేపూ నా చొక్కా మీద పడుతూనే ఉంది. థియేటర్‌లోకి తీసుకువెళ్ళి ఆపారు, ఒక సీసా రక్తం ఎక్కించారు. ఇప్పుడు బాగుంది, ఆరో తరగతి చదువుతోంది. ఉదయం పూట ఆ రెండు చెంచాలు చూసి బయలుదేరి ఉంటే అంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ మనసులో పీకుతూ ఉంటుంది.

కాకినాడ గొంతు వైద్యుడు
ఆగస్టు 3, రాత్రి 9:45

పాలకొల్లు నాన్న గారి పోస్టును అందరూ రెండుసార్లు చదవండి. పెద్ద రక్తస్రావానికి ముందు చిన్నది వచ్చి ఆగిపోవడం తరచుగా చూస్తాం. ఆగింది అంటే పైన ఒక గడ్డ కట్టిందని మాత్రమే అర్థం, ఆ గడ్డ జారితే మళ్ళీ మొదలు. ఫోనులో రేపు రమ్మన్నవారు పొరపాటు చేశారు. ఆగినా సరే, చెంచాడయినా సరే, అదే గంటలో బయలుదేరాలి.

పిల్లల ఒంట్లో రక్తం ఎంత ఉంటుందో చాలా మందికి అంచనా ఉండదు. ఒక కిలోకు 70 నుంచి 80 మిల్లీలీటర్లు. 18 కిలోల పిల్లవాడి ఒంట్లో ఉన్నది మొత్తం లీటరున్నర కూడా కాదు. చిన్న టీ గ్లాసెడు పోయినా పదో వంతుకు దగ్గర. పిల్లలు చాలాసేపు చురుగ్గానే కనిపించి ఒక్కసారిగా వాలిపోతారు.

మరో ముఖ్యమైన విషయం. నిద్రలో ఉన్న పిల్లలు రక్తం ఉమ్మరు, మింగేస్తారు. దిండు మీద మరక కూడా ఉండకపోవచ్చు. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లేపి, దీపం వేసి గొంతు చూడాలి. కడుపులోకి పోయిన రక్తం కాఫీ డికాక్షన్ రంగులో వాంతి అవుతుంది. ఒళ్ళు చల్లబడటం, మొహం పాలిపోవడం, నాడి పరుగెత్తడం కూడా చూడండి.

రక్తం కనిపిస్తే కూర్చోబెట్టి తల ముందుకు వంచండి, వెల్లకిలా పడుకోబెట్టవద్దు. గిన్నెలో ఉమ్మించండి. చల్లటి నీళ్ళు ఒకటి రెండుసార్లు నోట్లో పోసి ఉమ్మించవచ్చు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, మళ్ళీ మత్తు ఇవ్వవలసి రావచ్చు. గొంతులో గడ్డ కనిపిస్తే వేలు పెట్టి తీయవద్దు.

దిండి డ్రైవరు
ఆగస్టు 3, రాత్రి 10:20

వైద్యం నాకు తెలియదు, దారి తెలుసు. అంతర్వేది అమ్మ గారూ, మామూలు రోజుల్లో మీరు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరి భీమవరం వెళతారు. అది ఇప్పుడు లెక్కలోంచి తీసేయండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. వరద పెరిగితే రేవు ఆపేస్తారు, కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. మీ దారి రాజోలు, దిండి, అక్కడ చించినాడ వంతెన మీదుగా గోదావరి పాయ వశిష్ట దాటి పాలకొల్లు, ఆపైన భీమవరం. పగలే ఒక కారు మాట్లాడి పెట్టుకోండి. డ్రైవరు ఆ రాత్రి ఊళ్ళోనే పడుకుంటాడో లేదో కూడా అడగండి. 108 ఎలాగూ ఉంది, అది వచ్చేలోపు ఇంట్లో సంచి సిద్ధంగా ఉండాలి.

వీలైతే అయిదో రోజు నుంచి పదో రోజు దాకా భీమవరంలోనో పాలకొల్లులోనో బంధువుల ఇంట్లో ఉండటం అన్నిటికన్నా మేలు.

నిర్వాహకులు
ఆగస్టు 3, రాత్రి 10:40

ఇక్కడ ఎవరూ సొంత ఫోను నంబర్లు, ఆసుపత్రుల పేర్లు పెట్టవద్దని మనవి. దిండి డ్రైవరు గారి దారి వివరాలు చాలా ఉపయోగం. ఈ చర్చను పైన అతికించి ఉంచుతున్నాము.

అంతర్వేది అమ్మ
ఆగస్టు 4, రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. అత్తగారికి డాక్టరు గారి మాట చదివి వినిపించాను. దూది బుట్టలో పడేశారు, ఇప్పుడు ఉగ్గుగిన్నె ఆవిడ చేతిలోనే ఉంది. బంధువులు పెళ్ళికి వెళ్ళారు, వెళ్ళి ఉండటానికి వీలు పడలేదు. ఎదురింటి వారి కారు మాట్లాడుకున్నాం. ఈ రోజు కొబ్బరినీళ్ళు, జావ కలిపి లీటరు పైనే పోయింది. మూత్రం అయిదుసార్లు పోశాడు. మధ్యాహ్నం నుంచి పంటు ఆపేశారు.

అంతర్వేది అమ్మ
ఆగస్టు 6, రాత్రి 1:52

నిద్రలో గుటకలు వేస్తున్నాడు. ఒక నిమిషంలో పన్నెండు లెక్క పెట్టాను. లేపితే ఉమ్మిలో ఎర్రగా ఉంది. ఏం చేయను.

థియేటర్ సిస్టర్, రాజమహేంద్రవరం
ఆగస్టు 6, రాత్రి 1:56

బయలుదేరండి. ఇప్పుడే. కూర్చోబెట్టి తీసుకువెళ్ళండి, తల ముందుకు వంచి. నోట్లోకి ఏమీ పోయవద్దు. వస్తున్నామని దారిలోంచి ఆసుపత్రికి ఫోను చేయండి. జవాబు ఇక్కడ రాయక్కర్లేదు.

యానాం అక్క
ఆగస్టు 6, రాత్రి 2:30

మెలకువగానే ఉన్నాను. దేవుడు చల్లగా చూడాలి.

దిండి డ్రైవరు
ఆగస్టు 6, ఉదయం 5:10

చించినాడ వంతెన మీద రాకపోకలు బాగానే ఉన్నాయి. ఈపాటికి చేరి ఉంటారు.

అంతర్వేది అమ్మ
ఆగస్టు 9, సాయంత్రం 6:30

నిన్న ఇంటికి వచ్చాం. బాబు బాగున్నాడు.

ఆ రాత్రి జరిగింది రాస్తాను. గుటకల శబ్దానికే నాకు మెలకువ వచ్చింది. డాక్టరు గారు చెప్పి ఉండకపోతే నిద్రలో నోరు ఊరుతోందనుకుని పక్కకు తిరిగి పడుకునేదాన్ని. టార్చి వేసి చూస్తే కుడి వైపు మీగడలా ఉన్న చోట సగం ఊడి, కింద నేరేడు పండంత నల్లటి గడ్డ ఉంది. దాని పక్కనుంచి సన్నగా ఎర్రటి చార. ముట్టుకోలేదు. సంచి గుమ్మం దగ్గరే ఉంది. ఒక తెల్ల తువ్వాలు ఒళ్ళో పరిచి కూర్చోబెట్టాను. రంగు తువ్వాలయితే ఎంత పోయిందో తెలియదని సిస్టర్ నాకు విడిగా చెప్పారు. రాజోలు దాటాక ఒకసారి వాంతి అయింది, సరిగ్గా కాఫీ డికాక్షన్ లాగే. ఆ తరువాత ఆగిపోయింది. దిండి దగ్గరకు వచ్చేసరికి వాడు నవ్వుతూ వంతెన కింద నీళ్ళు చూపించమన్నాడు. మా వారు, ఆగిపోయింది కదా, తెల్లారాక వెళదామా అన్నారు. పాలకొల్లు నాన్న గారూ, మీ అమ్మాయి గుర్తుకు వచ్చింది. ఆగవద్దన్నాను.

ఆసుపత్రిలో చేతికి సూది పెట్టి సెలైన్ ఎక్కించారు, రక్తం గ్రూపు చూశారు, రక్తం ఆగడానికి ట్రనెక్సమిక్ యాసిడ్ అనే మందు ఇచ్చారు. ఏమీ తినిపించకుండా పక్కనే ఉండి చూస్తూ ఉన్నారు. ఉదయం 10:20కి ఆ గడ్డ జారి మళ్ళీ మొదలైంది. ఈసారి బాగా వచ్చింది. వాడు అప్పటికే మంచం మీద, చేతికి సూదితో ఉన్నాడు. పది నిమిషాల్లో థియేటర్‌లోకి తీసుకువెళ్ళారు. ఒక నాళం మూసి కుట్టు వేశారట. రక్తం ఎక్కించవలసిన అవసరం రాలేదు.

మేము ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎందుకు వచ్చింది డాక్టరు గారూ? మాది మేనరికం. దానికీ దీనికీ సంబంధం ఉందా? వాళ్ళు ఇప్పుడు ఏవో రక్త పరీక్షలకు పంపారు.

పాలకొల్లు నాన్న
ఆగస్టు 9, సాయంత్రం 6:48

అమ్మా, నా గుండె బరువు కొంత దిగింది.

కాకినాడ గొంతు వైద్యుడు
ఆగస్టు 9, రాత్రి 9:30

మీ తప్పు ఏమీ లేదు. మీ సర్జన్ తప్పు కూడా ఉండి తీరాలని లేదు. ఎంత మంచి చేతికైనా ఇది కొందరిలో వస్తుంది. మీ జాగ్రత్త వల్ల ఒక మేలు జరిగింది, రెండోసారి రక్తం పడేసరికి పిల్లవాడు లంక దారిలో కాకుండా థియేటర్ పక్కన ఉన్నాడు.

మేనరికం గురించి మంచి ప్రశ్న అడిగారు. రక్తం గడ్డకట్టడంలో లోపాలు కొన్ని, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడతాయి. ప్లేట్‌లెట్ లోపమైన గ్లాంజ్‌మన్ జబ్బు, రక్తం గడ్డకట్టించే పదార్థాల్లో ఒకటైన పదమూడో కారకం లోపం, వాన్ విల్లెబ్రాండ్ జబ్బులో తీవ్రమైన రకం అలాంటివి. దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో ఇవి ఎక్కువ కనిపిస్తాయి. హీమోఫీలియా వేరు, అది సాధారణంగా తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది, మేనరికంతో నిమిత్తం లేదు. ఆపరేషన్‌కు ముందు మన వైపు అందరికీ రక్తం కారే సమయం, గడ్డకట్టే సమయం చూసి సరే అంటారు. ఆ రెండూ మామూలుగా ఉన్నా లోపం దాగి ఉండవచ్చు. ఆ కాగితం కన్నా అయిదు ప్రశ్నలు ఎక్కువ పనిచేస్తాయి. బొడ్డు ఊడినప్పుడు రక్తం ఆగకుండా కారిందా? చిన్న దెబ్బకే పెద్ద కమిలిన మచ్చలు పడతాయా? ముక్కు నుంచి రక్తం పది నిమిషాలు దాటి కారిందా? తల్లికి, అక్కచెల్లెళ్ళకు నెలసరిలో విపరీతంగా పోతుందా? పన్ను తీయించుకున్నాక, కాన్పు తరువాత ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది అయిందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా రక్త నిపుణుల దగ్గరకు పంపిన తరువాతే కత్తి పట్టాలి.

తణుకు 28
ఆగస్టు 10, ఉదయం 8:20

నా ఆపరేషన్ గురించి సర్జన్ గారిని ఏమేమి అడగాలి? తక్కువ వేడితో టాన్సిల్ తీసే కోబ్లేషన్ అనే పద్ధతిలో చేస్తే రక్తం రాదని ఒక ప్రకటనలో చూశాను.

కాకినాడ గొంతు వైద్యుడు
ఆగస్టు 10, మధ్యాహ్నం 2:15

రాదు అని చెప్పే ప్రకటనను నమ్మకండి. ఇందాక చెప్పిన 2003-04 లెక్కల్లో, విద్యుత్ వేడి వాడకుండా కత్తి, కత్తెరలతో తీసి, నాళాలకు ముడులు వేసిన పాత పద్ధతిలోనే రక్తస్రావం అతి తక్కువ. వేడితో కోసే పద్ధతుల్లో ఎక్కువ. వేడి చుట్టుపక్కల కండను కూడా కాలుస్తుంది, పక్కు మందంగా కడుతుంది. కోబ్లేషన్‌లో వేడి మామూలు విద్యుత్ కాల్పు కన్నా చాలా తక్కువ, చేతివాటం కుదిరినవారు మంచి ఫలితాలు తీస్తున్నారు. గురక కోసం చేసే పిల్లల్లో టాన్సిల్ పొరను వదిలి లోపలి కండ మాత్రమే తీసే పద్ధతి ఉంది. అందులో నొప్పి, రక్తం రెండూ తగ్గుతాయి. మిగిలిన కండ కొందరిలో మళ్ళీ పెరగవచ్చు.

అసలు అవసరమా అన్నది మొదటి ప్రశ్న. మాటిమాటికీ వచ్చే గొంతు వాపుకు చేసేదయితే ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా రెండేళ్ళ పాటు ఏడాదికి అయిదేసి, లేదా మూడేళ్ళ పాటు ఏడాదికి మూడేసి సార్లు వచ్చిందా అని చూస్తాం. చేయని ఆపరేషన్‌కు రక్తస్రావం ఉండదు.

ఇక మీ సర్జన్‌ను, మీ రోగుల్లో ఎంత మందికి రక్తం పడింది అని అడగండి. 2019 మార్గదర్శకాలు ప్రతి సర్జన్ ఏడాదికి ఒకసారైనా తన సొంత లెక్క తీసుకోవాలంటున్నాయి. నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను, ప్రతి రోగికీ ఏడో రోజు ఫోను చేసి రాస్తాను. ఈ పని మొదలుపెట్టిన మొదటి ఏడాది నాకు తెలియకుండా ఇంకో ఊళ్ళో చేరిన నా రోగులు ఇద్దరున్నారని తెలిసి తల దించుకున్నాను.

థియేటర్ సిస్టర్, రాజమహేంద్రవరం
ఆగస్టు 10, రాత్రి 8:00

ఈ చర్చ చదివాక మా వార్డులో ఇంటికి పంపే కాగితం మార్చాం. తెలుగులో, పెద్ద అక్షరాలతో, అయిదు నుంచి పది రోజుల తేదీలు నర్సే చేత్తో రాసి గుండ్రం చుడుతుంది. కింద రాత్రి పూట ఎత్తే ఫోను నంబరు. మీ ఊరికి వరదలో దారి ఏది అని ఒక గీత ఖాళీగా పెట్టాం. దాన్ని బంధువులతోనే నింపిస్తున్నాం.

అంతర్వేది అమ్మ
ఆగస్టు 13, రాత్రి 7:45

పదిహేనో రోజు. రక్త పరీక్షలన్నీ మామూలే అన్నారు. గొంతులో తెల్లదనం పోయి గులాబీ రంగు వచ్చింది. రాత్రి గురక లేదు, ఆ నిశ్శబ్దానికి అలవాటు పడక మా అత్తగారే రెండుసార్లు లేచి వాడి ఊపిరి చూస్తున్నారు. ఈ రోజు మొదటిసారి కొంచెం వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి తిన్నాడు. పంటు మళ్ళీ తిరుగుతోంది.

తణుకు 28
ఆగస్టు 13, రాత్రి 8:10

చాలా సంతోషం అండీ. నా ఆపరేషన్ నవంబరుకు మార్పించుకున్నాను. మా ఊరు ఏటిగట్టు కింద, వరద తగ్గాకే మంచిదని మా అమ్మ పట్టుబట్టింది. పన్నెండు రోజులు భీమవరంలో మా అక్క ఇంట్లో ఉంటాను. సంచిలో ఏమేమి పెట్టుకోవాలి?

అంతర్వేది అమ్మ
ఆగస్టు 13, రాత్రి 8:22

ఆసుపత్రి కాగితాలు, మందుల చీటీ, రక్తం గ్రూపు రాసిన కాగితం, టార్చి, ఛార్జరు, ఒక గిన్నె, రెండు తెల్ల తువ్వాళ్ళు. సంచి గుమ్మం దగ్గర పెట్టి, అది ఎక్కడుందో మీ అక్క గారికి కూడా చెప్పండి.